కళ్ళు కట్టి దీపాలమ్మిన జగ్గారావు

కొనడానికి వచ్చినవాడికి పరీక్ష పెట్టి, తప్పితే సరుకు ఇవ్వకుండా తరిమేసే వ్యాపారి పూర్ణా మార్కెట్టు మొత్తానికి జగ్గారావు ఒక్కడే. అమ్మేది ఎండతో వెలిగే దీపం. కప్పు మీద సోలారు పలక, కింద బ్యాటరీ, ఒక ట్యూబులైటు. 1986లో దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టనివాడు విశాఖపట్నంలో లేడు. కొనగలిగినవాడూ దాదాపు లేడు.

గిరాకీ కళ్ళకు జగ్గారావు తువ్వాలు కట్టేవాడు. తడుముకుంటూ బ్యాటరీ తీగలు ఊడదీసి, కొసలు గీకి, గ్రీజు పూసి, మళ్ళీ బిగించి దీపం వెలిగించాలి. ఆనందపురం హెడ్మాస్టరు రెండుసార్లు తప్పాడు. ఓ ఓడ ఇంజనీరు చెమటకు తడిసిన తువ్వాలును మూడుసార్లు పిండాల్సి వచ్చింది. తప్పినవాళ్ళను వరసగా నిలబెడితే లైటుహౌసు దాకా పోతుందని కొట్టులో భాగస్తుడైన బావమరిది తవిటయ్య లెక్క. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన తవిటయ్య, హెడ్మాస్టరు తప్పిన రోజున మార్కెట్టంతటికీ టీ పోయించాడు.

కానీ రోజులు గడిచేకొద్దీ అతనికి గుబులు పట్టుకుంది.

“డబ్బులు సేత్తో పట్టుకుని వత్తన్నారు బావా. ఈ గంతలాటేటి?”

“గ్రీజు సరిగ్గా పుయ్యనేదు. ఆదివారం రమ్మను.”

“ఆదివారానికి మన కొట్టుంటాదా?”

అప్పుడే మండలాఫీసరు ఒక పందెం పెట్టాడు. జగ్గారావూ, మెయిన్ రోడ్డు షోరూమువాళ్ళూ కొండ అవతల సముద్రపొడ్డున ఉన్న యారాడలో చెరో ఐదు దీపాలు పెట్టాలి. వానాకాలం వెళ్ళాక ఎవరి ఐదూ వెలిగితే వాళ్ళకే నలభై ఇళ్ళ ఆర్డరు. అది పోతే తవిటయ్య మళ్ళీ హార్బరులో బస్తాలు మొయ్యాలి.

షోరూమువాళ్ళు రిబ్బను కట్టి దీపాలిచ్చి వెళ్ళిపోయారు. జగ్గారావు మళ్ళీ తువ్వాలు తీశాడు. చేపలమ్మే గంగాలమ్మ నాలుగుసార్లు తప్పింది.

“కలట్రుద్యోగానికైనా ఇన్ని పరీచ్చలు నేవు జగ్గన్నా.”

“కలట్రు గ్రీజు పుయ్యక్కర్నేదు. మళ్ళీ కూకో.”

వానలు వెళ్ళాక, ఓ సందెవేళ ఆఫీసరు యారాడ వచ్చాడు. ఉప్పుగాలికి తీగల కొసలు చిలుము పట్టి షోరూము దీపాలు ఐదూ చచ్చాయి. ఒకదాని డబ్బాలో కోడి పొదుగుతోంది. జగ్గారావువి నాలుగు వెలుగుతున్నాయి. ఐదోది గంగాలమ్మది. ఆఫీసరు గడప దాటబోయాడో లేదో, టప్పున ఆరిపోయింది.

తవిటయ్యకు భుజం మీద బస్తా బరువు అప్పుడే తెలిసింది.

“ఉండండి బాబూ,” అంది చీకట్లోంచి గంగాలమ్మ. గరగరా గీకిన చప్పుడు. తవిటయ్య సింహాద్రి అప్పన్నకు మొక్కు మొదలుపెట్టాడు గానీ పూర్తిచెయ్యాల్సిన పని లేకపోయింది. ఇల్లంతా తెల్లగా వెలిగింది.

“చీకట్లో ఎలా చేశావమ్మా?”

“దీపం పాడైతే ఉండేది సీకటే కద బాబూ. అందుకే ఈ జగ్గన్న కళ్ళు కట్టి నేర్పినాడు. బాగుసేయించడానికి కొండ దాటి పట్నమెల్తే ఆ పూట నా సేపలెవులమ్ముతారు?”

ఆఫీసరు తవిటయ్య వీపు మీదే కాగితం పెట్టి ఆర్డరు రాసేశాడు.

“అయితే బావా, మన కొట్టుకి రిపేర్లే రావన్నమాట,” అన్నాడు వంగి ఉన్న తవిటయ్య.

“అది నీకిప్పుడు తెలిసిందేటి?”

తిరుగుదారిలో రేవు దాటించే పంటు పడవ ఎక్కిన ప్రతివాడికీ, ఆ పరీక్ష కనిపెట్టింది తనేనని తవిటయ్య చెబుతూనే ఉన్నాడు. జగ్గారావు ఒక్కసారి కూడా కాదనలేదు. రేపటి నుంచి నలభై మంది కళ్ళకు తువ్వాలు కట్టే ఉద్యోగం ఎవరిదో అతనికి తేలిపోయింది.