ఆ రోజు నేను సొమ్మసిల్లలేదు

మొన్న మా నర్సింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో, ఇప్పుడు పుట్టపర్తిలో కాపురముంటున్న ఒకావిడ, "మొదటి ఆపరేషన్ చూసి దబ్బున పడిపోయింది ఎవరో గుర్తుందా?" అని అడిగి, నా పేరు రాసి, పక్కన నవ్వే బొమ్మలు వరుసగా పేర్చింది. మిగతావాళ్లూ పళ్లికిలించారు. నాకు ఒళ్లు మండింది. పెళ్లిళ్లలో కలిసినా ఇదే మాట, చావింట్లో కలిసినా ఇదే మాట. రక్తం చూసి పడిపోయే ఇంట్లో పుట్టానా నేను? మా నాయన పొట్టేలు కోసిన ప్రతిసారీ పేగులు కడిగింది నేనే!

మేం చదివే అనంతపురం ఆస్పత్రిలో ఆ వేసవి, నీళ్ల ట్యాంకరు వస్తేనే ఆపరేషన్లు. ఆ పూట ట్యాంకరు ఆలస్యమైంది, పెద్ద డాక్టరుగారి కోపం మాత్రం వేళకే వచ్చింది. సీనియర్ సిస్టర్ మాకు చెప్పిన పాఠం ఒక్కటే: "కండ్లు తెరిసి సూడండి, నోరు మూసుకోండి." మిగతావాళ్లను గోడవారన నిలబెట్టి, నన్ను మాత్రం బల్ల మీదున్న గర్భిణి తల దగ్గర నిలబడి ఆమె చెయ్యి పట్టుకోమన్నారు. ఆమె ముదిగుబ్బ వైపు గొర్రెలు కాసే వాళ్లింటి కోడలు. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. మత్తు డాక్టరుగారు వెన్నులో సూది వేశారు. మత్తు ఎక్కిందో లేదో చూడ్డానికి పెద్ద డాక్టరుగారు పట్టకారుతో పొట్ట మీద గిల్లారు. ఆమె గోళ్లు నా అరచేతిలో దిగాయి. నోటి నుంచి మాత్రం, పక్కింట్లో చేట అడిగినంత మెల్లగా, "నొప్పి తెలుస్తాండాది సారూ" అని వచ్చింది.

ఆయన నవ్వారు. "నిజంగా తెలిస్తే ఇట్లా చెప్తుందా? అరిచి ఆస్పత్రి లేపుతుంది. భయం, అంతే." కత్తికోసం చెయ్యి చాపారు.

థియేటరు తలుపు దగ్గర ఆమె అత్త అన్న మాట నా చెవిలోనే ఉంది: "కేకలేసి మా పరువు తీయొద్దు మేయ్. మన ఇండ్లల్లో కాన్పుకు గొంతు లేపినోళ్లు యాడా లేరు." అలా పెరిగిన పిల్ల నొప్పిని ఇంకెంత గట్టిగా చెబుతుంది? ఈ జిల్లాలోనే జుట్టు నెరిసేదాకా కాన్పులు చేసిన మనిషికి ఈపాటి సంగతి తెలియదట!

"కోయొద్దు సార్. ఆమెకు మత్తు ఎక్కలేదు," అన్నాను.

"ఎవరమ్మా నువ్వు?"

"స్టూడెంటును సార్. నా చెయ్యి చూడండి, రక్తం వస్తోంది."

సిస్టర్ నా రెక్క పట్టుకుంది. "పిచ్చి పట్టిండాదా పాపా నీకు? నడువు బయటికి!" తలుపు మూసేలోపు మత్తు డాక్టరుగారి గొంతు వినబడింది: "ఆగండి సార్, పూర్తిగా నిద్రపుచ్చుదాం."

వరండాలో చతికిలబడి, అరచేతి రక్తం తుడుచుకున్నాను. తర్వాత అడిగినవాళ్లందరికీ సిస్టర్, "ఆ పాపకు కండ్లు తిరిగినాయిలే" అని చెప్పింది. అవును మరి, డాక్టరుకు ఎదురుచెప్పిన పిల్లకంటే సొమ్మసిల్లిన పిల్ల అయితే అందరికీ సుఖం.

మర్నాడు వార్డులో ఆ కోడలు, ఒళ్లో ఆడబిడ్డతో, నా చేతి కట్టు చూసి అదే మెల్లని గొంతుతో అడిగింది: "నొప్పిగా ఉండాదా సిస్టరమ్మా?"

"ఉండాది!" అన్నాను, వార్డంతా వినబడేలా.

పక్కనున్న అత్త ఉలిక్కిపడింది. కోడలు ఫక్కున నవ్వి, అత్తను చూసి కూడా నవ్వు ఆపుకోలేదు. ఆ ఒళ్లో బిడ్డకు ఈపాటికి కాన్పులు కూడా అయ్యే ఉంటాయి. ఆ పిల్లైనా గొంతెత్తి అరిచిందో లేదో, కాలం నాకు చెప్పకుండానే ముందుకు పోయింది.