పోలమ్మ రాజ్యంలో బట్టలు

పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీస్తూ పోలమ్మ రోజూ లేని రాజ్యం కథ చెబుతుంది. అక్కడ రాణి తూనీగ రెక్కల చీర కడుతుంది. మంత్రి తలపాగా విప్పితే పక్కనున్న మందస ఊరి దాకా వస్తుంది. దొంగ చొక్కాకైతే పదహారు జేబులు. కథలోకి ఎవరొచ్చినా ముందు వాళ్ల బట్టలే చెబుతుంది. చెబుతూ, పొట్టు అంటిన వేళ్లతో గాలిలోనే కుచ్చిళ్లు పోస్తుంది. ఒకరోజు పక్కన కూర్చున్న కళావతి అడిగింది: “దొంగకి సైతం పదారు జేబులెట్టినావు. రాజుగోరినేటి వదినా, ఏ బట్టా సెప్పకుండా గోసీతో వొగ్గీసినావు?” అందరూ గొల్లుమన్నారు. పోలమ్మ మొగుడు గళ్ల లుంగీతో మద్రాసు రైలెక్కి ఆరేళ్లయింది. ఒక్క కబురూ లేదు. గాలిలో ఆమె వేళ్లు ఆగాయి. “ఇప్పుడేటి కట్టుకుంటన్నాడో నాకేటి తెలుసే,” అంది.