నీళ్ల బంగ్లా బొమ్మ మీద పేరు

వనపర్తిలో సంస్థానం కాలపు నీళ్ల బంగ్లాను బాగు చేయిస్తున్నారని విన్న రోజు కుల్సుమ్‌బీ రెండు పూటల అన్నం ఒక్క పూటలో తిన్నది. పాత ఊరికంతా నీళ్లు తోడిచ్చిన పంపుల ఇల్లు అది. కింద లోతైన మెట్ల బావి, పైన కమానులు, గుమ్మటం. దాని బొమ్మ గీసింది ఆమే.

ముప్పై ఏళ్ల కింద ఆమె నీళ్ల ఆఫీసులో కట్టడాల బొమ్మలు గీసే ట్రేసరు. పాములున్నాయని మగవాళ్లు వెనక్కి తగ్గితే, నడుముకు మోకు కట్టుకొని తానే బావి దిగి కొలతలు రాసుకున్నది. నాలుగు నెలలు ట్రేసింగు కాగితం మీద వంగి, కమాను కమానూ గీసి, మూలన చిన్న గడిలో తన పేరు రాసుకున్నది. అత్త చనిపోతే పది రోజులు సెలవు పెట్టింది. తిరిగి వచ్చేసరికి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ వెంకటయ్య ఆ పేరును బ్లేడుతో గీకేసి, అక్కడే తన పేరు రాసుకున్నాడు.

"సార్, నా పేరేది?"

"ట్రేసర్ పేరు ఎవడు చూస్తడు కుల్సుమ్? పో, పని చూస్కో."

ఆ బొమ్మకు ఆయనకు శాలువా కప్పారు, ప్రమోషన్ ఇచ్చారు. నీ పేరు నీ చేతనే గీకిస్తానని ఆమె మనసులో ఒట్టు పెట్టుకున్నది. కొలతల బుక్కును ఇంటికి తెచ్చి ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఇప్పుడు బంగ్లా పని చూస్తున్నది పద్మజ అనే ఇంజినీరు. బావి సగం మన్నుతో పూడిపోయింది. కాగితం చాలక బొమ్మలో మెట్లు మధ్యలోనే తెంచి ఉన్నాయి. "మిగిలిన మెట్లెన్ని, లోతెంత? గీసినాయన్నే అడుగుదాం" అన్నదామె. గీసినాయనకు తెలిస్తే కదా!

మరునాడు మధ్యాహ్నం, పద్మజ పంపిన ఆ బొమ్మ చుట్టను చంకన పెట్టుకొని వెంకటయ్య కుల్సుమ్‌బీ గడప ముందు నిలబడ్డాడు.

"మంచిగున్నవా చెల్లె?"

"ముప్పై ఏండ్లకు చెల్లెనైతినా సార్? రాండ్రి. సిద్రా, చాయ్ పెట్టకు బిడ్డా, సార్‌కు తొందరుంది!"

లోపల కోడలు నవ్వు ఆపుకోవడం బయటికి వినిపించింది.

"ఆ కొలతల బుక్కు జర ఇస్తవా? సోమవారం నలుగురిల అడుగుతరు. ఇజ్జత్ పోతది."

"ఎవరి ఇజ్జత్?"

ఆమె చాప పరిచి, కొత్త బ్లేడు తెచ్చి ముందు పెట్టింది.

"కూసో. నీ పేరు గీకు."

"కండ్లు సక్కగ అవుపడ్తలేవు కుల్సుమ్‌బీ..."

"నాకు అవుపడ్తయి. నేను చూస్త, నువ్వు గీకు."

డెబ్బై అయిదేళ్ల మనిషి మోకాళ్లు పట్టుకొని కింద కూర్చున్నాడు. బ్లేడు కరకరమన్నది. ట్రేసింగు కాగితం ఒక్క గీకుడుకే ఓర్చుకుంటుంది, రెండోదానికి ఓర్వదు. మొదటిసారి గీకింది ఆయనే కదా. రెండో అక్షరం దగ్గర కాగితం చిరిగింది.

"అయ్యో, బొక్క పడె!"

నాలుగు నెలల కష్టమది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. "ఆపకు. మొత్తం గీకు."

చివరికి గడి ఉన్నచోట వేలు దూరేంత కంత మిగిలింది.

"మరి నీ పేరు యాడ రాయాలె?"

బొమ్మలో గుమ్మటం పైనున్న ఖాళీ ఆకాశం మీద ఆమె వేలు పెట్టింది. "గీడ. పెద్దగ రాయి. దూరంకెళ్లి అవుపడాలె."

రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. ఆమె దిద్దలేదు.

"ఇగ బుక్కు ఇయ్యి తల్లీ."

"బుక్కు ఇయ్య. సోమవారం నేనే వస్త. నేను చదువుత, నువ్వు రాసుకో."

సోమవారం బంగ్లా వరండాలో పద్మజ, పనివాళ్లు వింటుండగా కుల్సుమ్‌బీ ఒక్కో మెట్టు కొలత నింపాదిగా చదివింది, అక్కడక్కడ రెండుసార్లు కూడా. వెంకటయ్య రాసుకుంటున్నాడు. ఆయన నిలబడే ఉండడం చూసి పద్మజ కుర్చీ జరిపింది.

"వద్దమ్మా, సార్‌కు నిలబడి రాసుడే అలవాటు" అంటూ ఆ కుర్చీలో కుల్సుమ్‌బీ కూర్చున్నది.