మోతి ముట్టని సంగటి

ఈరోజు కడపలో ఒక మిత్రుడి ఇంటి గేటు దగ్గర దూడంత కుక్క కనిపించింది. బిస్కెట్ పెట్టబోతే మొహం తిప్పుకుంది. "మేం తప్ప ఎవురు పెట్టినా ముట్టదప్పా," అన్నాడు మిత్రుడు గర్వంగా. నేను బిస్కెట్ వెనక్కి తీసుకున్నాను.

కోసిగి వైపు మిత్రులారా, ఇళ్లకు తాళాలేసి, పని కోసం లారీలెక్కి సుగ్గికి పోయిన ఆ నెలలు గుర్తున్నాయా? అప్పట్లో మా వాకిట్లో మోతి ఉండేది. అల్సేషన్‌కూ నాటుకుక్కకూ పుట్టింది. ఒక చెవి నిక్కి, ఒకటి వాలి ఉండేది. దొంగలు విషం పెడతారని, పరాయివాళ్ల ముద్ద ముట్టకూడదని దానికి నేర్పింది నేనే. పక్కింటి మాబున్నవ్వ చేత సంగటి పెట్టించేవాణ్ని. మోతి నోరు చాపగానే ముక్కు మీద కొట్టేవాణ్ని.

ఆ యేడు సుగ్గికి పోతూ మోతిని ఆ అవ్వకే అప్పజెప్పాం.

తిరిగొచ్చేసరికి గొలుసూ, సత్తు తట్టా మిగిలాయి.

"దినామూ పెడితి నాయనా. మీ తలుపు ఇడిసి కదల్లేదు. తట్ట దగ్గరికి వచ్చేది, ఎవురో కొడతాండారన్నట్టు ముక్కు ఎనక్కి తీసుకునేది," అనింది అవ్వ.

ఇంకొకరి చేతి ముద్ద కూడా ఆ కుక్కకు అలవాటు చేయమని మిత్రుణ్ని బతిమాలాను.

అతను నవ్వాడు. "ఇంగోసారి పెట్టి సూడప్పా, ముట్టదు."