జ్వరమున్న ఇంటికి తాజా బ్రెడ్డు

పీలమేడులో మా వీధి చివరి సరుకుల అంగడికి బ్రెడ్డు బండి వచ్చే వేళకు వెళితే, లోపల అడుగు పెట్టగానే ఈస్టు వాసన తగులుతుంది. పొట్లం ఇంకా వెచ్చగా ఉంటుంది. రెండు వేళ్ళతో నొక్కి చూస్తాను. గుంట తిరిగి పైకి లేస్తే అది తాజాది. ఇలా చూడడం నాకు నేర్పింది ఎస్తేరక్క. మా మిల్లు కార్మికుల స్టోరులో బ్రెడ్డు అమ్మేది ఆమే. ఆమె మీద నేను వేసిన ఒక నింద ఇంకా జనం నోళ్ళలో ఉంది. దాన్ని తీసేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో మిల్లు కార్మికులుండే లైను ఇళ్ళలో బ్రెడ్డు రోజూ తినే తిండి కాదు. జ్వరం వస్తే డాక్టరు పాలు, బ్రెడ్డు పెట్టమనేవాడు. అప్పుడే కొనేవాళ్ళం. నాలాంటివాళ్ళు కొందరు మాత్రం షిఫ్టు దిగాక టీలో ముంచుకుని తినడానికి కొనేవాళ్ళు. ఎవరు వచ్చినా ఎస్తేరక్క ముందు "ఎవురికి తంబీ?" అని అడిగేది. మా ఇంటి సంగతులు ఈమెకెందుకని నాకు చిరాకు.

ఒక సాయంత్రం "నాకే, టీలోకి" అన్నాను. ఎదురుగా ఉన్న పొట్లం ఇచ్చింది. నా వెనక నిలబడినతను ఆమె వెళ్ళే చర్చికే వెళతాడు. అతనికి మాత్రం బల్ల కింద నుంచి ఇంకో పొట్లం తీసి ఇచ్చింది. నాది నిన్నటిది, అతనిది అప్పుడే వచ్చినది. మాది వ్యవసాయం వదిలి మిల్లుకు వచ్చిన కుటుంబం. ఈ తమిళ ఊళ్ళో ఎస్తేరక్క వాళ్ళూ మేమూ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, మావాళ్ళు వాళ్ళను ఒక మెట్టు కిందే ఉంచేవారు. ఆ పొగరు నాలోనూ ఉండేది. మరునాడు మిల్లు గేటు దగ్గర పదిమంది వినేలా, "ఎస్తేరక్క కొత్త బ్రెడ్డు దాపెట్టి వాళ్ళ చర్చి వాళ్ళకే ఇస్తుందప్పా! మనకంతా పాతదే" అన్నాను.

అందరూ నమ్మారు. వారం తిరగకుండా స్టోరు కమిటీ ఆమెను వెనక గదిలో బియ్యం ఏరే పనికి మార్చింది. ఆమె ఏదో చెప్పబోయిందట, ఎవరూ వినలేదు.

ఆ వానల్లో నా భార్య సరోజకు టైఫాయిడ్ వచ్చింది. స్టోరుకు వెళితే బల్ల దగ్గరున్న కొత్తాయన చేతికందిన పొట్లం ఇచ్చాడు. వెనక గది గడపలో చేటతో కూర్చున్న ఎస్తేరక్క నన్ను పిలిచింది.

"ఎవురికి తంబీ?"

"సరోజకు. టైఫాయిడ్."

"అయ్యో పావం! ఇది నిన్నటిది, గొంతు దిగదు." లేచి వచ్చి ఇంకో పొట్లం తీసింది. "నీదాన్ని నొక్కు. గుంట అట్లనే నిలిచిందా? ఇప్పుడు దీన్ని నొక్కు. లేచిందా? ఇది ఎత్తుకుపో."

"మరి ఆ పొద్దు నాకు పాతది ఎందుకు ఇస్తివక్కా?"

"నువ్వు టీలోకి అంటివి కదప్పా! కొత్తదయితే టీలో కరిగిపోతుంది, గ్లాసు అడుగున తోడుకోవాల. నిన్నటిదే నిలుస్తుంది. నీ వెనకాల ఉన్నాయన కూతురికి ఆ పొద్దు జరం."

"గేటు దగ్గర ఆ మాట అన్నది నేనే అక్కా" అన్నాను.

ఆమె చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నాతో చెప్తే నాకేమొస్తుంది? యాడ అంటివో ఆడ చెప్పు. ముందు ఇంటికి పో, ఆమె ఆకలితో ఉంటుంది."

మరునాడు కమిటీ గదికి వెళ్ళి, తలుపు వేసి, ముగ్గురికి చెప్పాను. నా పేరు బయటికి రాకుండా చూస్తామన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఆమెను మళ్ళీ బ్రెడ్డు బల్ల దగ్గర కూర్చోబెట్టారు కానీ, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గేటు దగ్గర నేను నోరు విప్పలేదు. కొందరు ఆమె దగ్గర కొనడమే మానేశారు. రిటైరయ్యేదాకా నన్ను చూసినప్పుడల్లా ఆమె సరోజ ఎలా ఉందని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. పోయిన నెల పాత కార్మికులం కలిసినప్పుడు ఒకాయన "బ్రెడ్డు దాపెట్టే ఎస్తేరు ఉందా, పోయిందా?" అని నవ్వాడు. నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు పెంచాడు: "మా అమ్మకు జరమొస్తే ఆమె ఇచ్చిన బ్రెడ్డే మింగింది కదరా! అది తెలిసీ నీ మాట నమ్మితిని, పాపీ." ఇంకొకాయనకు తన కొడుకు తట్టు పోసి పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆమె ఇప్పుడు ఎక్కడుందని ముగ్గురు అడిగారు.

తుడియలూరులో కూతురి దగ్గర ఉంది. ఈ ఆదివారం నలుగురం వెళుతున్నాం. ఇన్నేళ్ళు ఊరుకున్న సిగ్గు నాతోనే ఉంటుంది, ఉండనీ. కానీ ఈసారి వాళ్ళందరి ముందే అడుగుతాను, నన్ను క్షమించమని.