మేకులు కొట్టిన కిటికీ

మా సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మేస్త్రీ చనిపోయాడని తంగళ్ళపల్లి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను సిరిసిల్ల షెడ్డులో నూలు కండెలు చుడుతున్నాను. ముందురోజు ఈ షెడ్డులోనే, ఈ ఉక్కలోనే, సాంచె పక్కన కళ్లు తిరిగి పడ్డాడు. షెడ్డు యజమాని సేటు "ఆయుష్షు తీరింది" అన్నాడు. ఆయుష్షు కాదు. కిటికీకి మేకులు కొట్టించింది సేటే. గాలి తగిలితే పోగులు తెగుతాయట.

మేస్త్రీ జగిత్యాలలో ఇంటర్ సగంలో ఆపి వచ్చినవాడు. చీరముక్కతో అట్టలేసిన పాత సైన్సు పుస్తకాలు పనిముట్ల డబ్బాలోనే ఉండేవి. పదో తరగతిలో బడి మానిన నేను ఆ గ్రీజు మరకల పుస్తకాలతోనే చదువుకున్నాను. వాటితోనే ఆయనతో కొట్లాడాను.

ఒకసారి చాయ్ దగ్గర నిలదీశాను. "ఊకె ఇడిసిపెడితె అన్ని చెదిరిపోవుడే అని నీ పుస్తకమే చెప్పవట్టె. మరి పురుగు నుంచి మనిషి దాంక ఎట్లొచ్చింది కాకా? రెండిట్ల ఒకటి అబద్ధం."

"కరెంటు బంద్ జేస్తె సాంచెల బట్టొస్తదా?"

"రాదు."

"భూమికి కరెంటు సూర్యుడు. నువ్వు బట్టనే చూస్తున్నవ్ బిడ్డా. షెడ్డెంత కాగుతందో చూస్తలేవు. ఈడ పోగులు వరుస పడ్డయంటె ఆడ వేడి పుట్టింది. రెండు కలిపి చూడు, నియమం ఏడ తప్పింది?"

"కరెంటుంటె మనిషైతడా?"

"ఏడైతడు? చిక్కు గూడ అయితది. వెయ్యి తీర్ల జీవులు పుట్టినయ్. తట్టుకొని పిల్లల్ని గన్నయి నిలవడ్డయ్." కిటికీ వైపు చూశాడు. "భూమి గూడ తన వేడిని ఆకాశంలకు ఇడుస్తది. మూసిన అర్రల ఏదీ బతుకది."

కిటికీ సంగతి సేటును అడుగుదాం, నువ్వూ రా అని రెండుసార్లు పిలిచాడు. "పని పోతది కాకా" అన్నాను. ఒక్కడే పోయి తిట్లు తినొచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను కాలుస్తోంది.

తంగళ్ళపల్లిలో వాళ్లింట్లో చాప మీద ఉన్న ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంటుందనుకున్నాను. మే నెల. గది ఎంత వేడో చెయ్యీ అంతే వేడి. ఏ తేడా మిగల్లేదు. వేడిలో తేడా లేనిచోట ఏదీ కదలదని చెప్పే పేజీ, ఎన్నిసార్లు చదివినా అర్థంకానిది, అప్పుడు అర్థమైంది.

తెల్లారి షెడ్డుకు వచ్చి, ఆయన పట్టకారుతోనే కిటికీ మేకులు పీకాను.

"పోగులు తెగుతున్నయ్! పిచ్చి లేసిందానే నీకు?" సేటు అరిచాడు.

"తెగనియ్. ముడేస్త."

నిజంగానే తెగాయి. ముడేస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి పడ్డ ఎండపట్టీలో నూలుపొట్టు లేచి, ఆయన డబ్బా మీదుగా, మెల్లగా బయటికి పోతూ ఉంది.