ఆషాఢంలో వీసా వేలిముద్రలు

మా అక్క కూతురు లిఖిత పోర్ట్ బ్లెయిర్‌లో బీకాం పూర్తిచేసి, అకౌంటెన్సీ చదవడానికి ఇంగ్లండ్‌లో సీటు తెచ్చుకుంది. స్టూడెంట్ వీసాకి దరఖాస్తు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చు. వేలిముద్రలు మాత్రం మనిషే వెళ్లి ఇచ్చి రావాలి. మా దీవుల్లో వాటిని తీసుకునే వీసా కేంద్రం లేదు గనక మేం చెన్నై వెళ్లాం. వాళ్ల నాన్న హార్డ్‌వేర్ షాపు వదిలి రాలేడు, అక్కకి సెలవు దొరకలేదు, నేను పాఠాలు చెప్పే కాలేజీకి అప్పుడు సెలవులు. ఓడలో అయితే మూడు రోజులు, అదీ సముద్రం బాగుంటే. విమానంలో రెండు గంటల పైచిలుకు. అందుకని అపాయింట్‌మెంట్‌కి ముందురోజు ఉదయం విమానానికి టికెట్లు తీసుకున్నాం.

ఆ ఉదయం నేను మా మిడిల్ పాయింట్‌లో బస్సెక్కి, ప్రోతరాపూర్‌లో అక్కవాళ్లింటికి చేరేసరికి లిఖిత చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చూపించమంటే చూపించింది. పది వేళ్లకీ ఎర్రటి టోపీలు. రాత్రి వాళ్ల నానమ్మ గోరింటాకు రుబ్బి పెట్టిందట.

“అత్తయ్యా, రేపు దీని వేలిముద్రలు తీసుకుంటారు” అన్నాను.

“తీసుకోనీ. ఆషాఢం వెళ్లిపోతంది. దేశం కాని దేశం పోయే గుంటని ఉత్తి చేతుల్తో పంపుతానేటి?”

వేలి కొసల మీద గాయాలు, అలంకారాలు ఉండకూడదని సూచనల్లో చదివాను. చదివినప్పుడు గాయాలే గుర్తొచ్చాయి గానీ గోరింటాకు తట్టలేదు. ముద్రలు పడకపోతే మళ్లీ స్లాట్, మళ్లీ టికెట్లు. ఈలోపు కాలేజీలో చేరే గడువు దాటిపోవచ్చు.

ఎయిర్‌పోర్టుకి ఆటో రెండొందల యాభై. డ్రైవరు అద్దంలోంచి లిఖిత చేతులు చూసి, “షాదీ హై క్యా దీదీ?” అని అడిగాడు.

“షాదీ నహీ భయ్యా, వీసా” అంది లిఖిత.

“తో నింబూ రగడో, నికల్ జాయేగా.”

నిమ్మకాయ రుద్దితే రంగు పోతుందన్న ఆ మాటే చెన్నై దాకా నా బుర్రలో తిరిగింది. హోటల్ గదిలో సామాను పెట్టి, కిందికెళ్లి నిమ్మకాయలూ ఉప్పూ కొనుక్కొచ్చాను. సాయంత్రమంతా అదే పని.

“పిన్నీ, ఇవి వేళ్లు. ఇత్తడి చెంబులు కావు.”

“ఇంకొక్కసారి, అంతే.”

“ఆ మాట నాలుగుసార్లన్నావు.”

రంగు ఇసుమంత కూడా తగ్గలేదు. వేలి కొసలు మాత్రం గరుగ్గా తయారయ్యాయి.

మర్నాడు వీసా కేంద్రానికి గంట ముందే చేరాం. తోడు వచ్చినవాళ్లని లోపలికి రానివ్వలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి రెండు టీలు తాగాను, రెండింటి రుచీ తెలియలేదు. పిల్ల భవిష్యత్తు గోరింటాకు దగ్గర ఆగిపోతుందా? చివరికి లిఖిత నవ్వుకుంటూ బయటికొచ్చింది.

“కుడిచెయ్యి మూడుసార్లు పడలేదు పిన్నీ.”

“నేను అనుకుంటూనే ఉన్నాను.”

“గోరింటాకు వల్ల కాదట. కొసలు ఇలా గీరుకుపోయాయేంటని అడిగింది కౌంటర్లో ఆవిడ. మా పిన్ని నిమ్మకాయ పెట్టి తోమిందని చెప్పాను.”

“చెప్పేశావా?”

“పక్క కౌంటరు వాళ్లు కూడా నవ్వారు. కాసేపు కూర్చోమని, తర్వాత మళ్లీ పెట్టమంటే పడ్డాయి. అన్నీ.”

వాళ్ల నానమ్మకి ఫోన్ చేస్తే ఒకటే అడిగింది: “రంగు బాగుందన్నారా లేదా?”

నేను ప్రతిదానికీ ముందే భయపడితే జాగ్రత్తగా ఉన్నట్టే అనుకుంటాను. అనుమానం నాది, తోమించుకున్న వేళ్లు దానివి. వీసా నిర్ణయం ఇంకా రాలేదు, ఏమవుతుందో నాకు తెలీదు. కానీ అంత కంగారులోనూ నవ్వగలిగిన పిల్ల అక్కడ ఒంటరిగా నెగ్గుకొస్తుందని మొదటిసారి నమ్మకం కలిగింది.

వెళ్లబోయేవాళ్లకి ఒక్క మాట. అపాయింట్‌మెంట్ తేదీ మీ ఇంట్లో గోరింటాకు రుబ్బే పెద్దావిడకి అందరికంటే ముందు చెప్పండి. అయినా పెట్టేసిందంటే, ఇక ఆ వేళ్ల జోలికి వెళ్లకండి.